ఈ ప్లైవుడ్ ఏ అడవిది? జపాన్, అమెరికా దిగుమతులు పక్కపక్కన పెట్టి చూస్తే

"ఇంపోర్టెడ్ మాలేనా అండీ? ఏ దేశందీ?" ఇల్లు కట్టుకునేవాళ్లు ప్లైవుడ్ షాపులో అడుగుపెట్టగానే వేసే ప్రశ్న ఇది. గుంటూరులో మా షాపులో నేను రోజూ వినేదే. వియత్నాం అంటే ఒక రకంగా చూస్తారు, నేపాల్ అంటే ఒక రకంగా, హర్యానాలోని యమునానగర్ అంటే మరో రకంగా. నేను షీటును గోడకు ఆనించి దాని అంచు చూపిస్తాను. 19 ఎం.ఎం. షీటు అంచు దగ్గరనుంచి చూడండి. పైనా కిందా కాగితం మందాన ఎర్రటి ఫేస్, అంటే పైపొర, ఉంటుంది. అది గర్జన్ అయినా కావచ్చు, గర్జన్ పేరుతో అమ్ముడుపోయే ఇంకో చెట్టయినా కావచ్చు. మధ్యలో తెల్లగా పోప్లార్, కాస్త గోధుమరంగులో జామాయిల్, ఒక పొర నిలువుగా, ఒకటి అడ్డంగా. పొరకీ పొరకీ మధ్య నల్లటి గీతలా జిగురు. మూడు చోట్ల పుట్టిన చెట్లు ఒకే షీటులో కలిసి ఉన్నప్పుడు దేశం పేరు ఏ పొరని చూసి చెప్పాలి?

దేశాల దిగుమతి లెక్కలు చదివినప్పుడు కూడా నాకు ఇదే చిక్కు ఎదురవుతుంది. ప్లైవుడ్ వ్యాపారంలో ఉన్నవాడిగా కొన్నేళ్లుగా జపాన్, అమెరికా దిగుమతుల చరిత్ర ఆసక్తిగా చదువుతున్నాను. రెండూ ధనిక దేశాలే. దాదాపు డెబ్భై ఏళ్లుగా రెండూ ఆగ్నేయాసియా అడవుల నుంచి వచ్చిన కలపే వాడాయి. అయినా ఈ రోజు రెండూ ఒక చోట లేవు. జపాన్‌కి వచ్చే బయటి ప్లైవుడ్ ఒకప్పటికంటే బాగా తగ్గింది. అమెరికాకి మాత్రం వస్తూనే ఉంది, పంపే దేశం పేరే పదేళ్లకో ఇరవయ్యేళ్లకో మారుతోంది. ఇలా ఎందుకయిందన్న దానిపై నాకొక గట్టి అభిప్రాయం ఉంది. డ్యూటీ వేస్తే సరుకు వచ్చే దారి మారుతుంది, అంతే. సొంత నేలలో చెట్టు పెరగాలి, దాన్ని ఒలిచే మిషన్ రావాలి, ఒలిచిన పొరను కొనే మిల్లు పక్కనే ఉండాలి. ఈ మూడూ కుదిరినప్పుడే దిగుమతి నిజంగా తగ్గుతుంది. మన దగ్గర ప్లైవుడ్ దిగుమతుల మీద నడుస్తున్న చర్చ అంతా డ్యూటీ చుట్టూనే తిరుగుతోంది కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

ముందు లెక్కల సంగతి. ఈ రెండు దేశాల అంకెలను అలాగే తెచ్చి పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లను చూస్తే నాకు ఆందోళనగా ఉంటుంది. జపాన్ ఘనపు మీటర్లలో లెక్క రాస్తుంది. అమెరికా వ్యాపారులకు చదరపు అడుగుల అలవాటు. మెత్తకర్ర (పైన్ లాంటి సాఫ్ట్‌వుడ్) ప్లైవుడ్‌నైతే వాళ్లు 3/8 అంగుళం మందానికి మార్చి లెక్కిస్తారు, గట్టికర్ర (హార్డ్‌వుడ్) ప్లైవుడ్‌ని చాలాసార్లు మందం పట్టించుకోకుండా వైశాల్యం లెక్కనే చెప్తారు. అలా చెప్పినప్పుడు 3 ఎం.ఎం. షీటూ 18 ఎం.ఎం. షీటూ ఒకటే అయిపోతాయి. వాడకం చూస్తే తేడా ఇంకా పెద్దది. అమెరికా కొన్న ఉష్ణమండల ప్లైవుడ్‌లో సన్న షీట్లు చాలా ఎక్కువ. తలుపుల పైపొరలకి, ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారయ్యే ఇళ్లబళ్ల (కాపురముండేలా కట్టిన బళ్ల) గోడలకి అవి వెళ్తాయి. జపాన్ కొన్నదాంట్లో ముఖ్యమైనది సెంట్రింగ్ షీటు: 12 ఎం.ఎం. మందం, 900 మి.మీ. వెడల్పు, 1,800 మి.మీ. పొడవు. కాంక్రీటు పోస్తారు, విప్పుతారు, నాలుగైదు స్లాబులయ్యాక పారేస్తారు. వందేళ్లు పెరిగిన చెట్టు నాలుగైదు స్లాబులకు పనికొచ్చి చెత్తకుప్పలోకి పోయింది. మన బిల్డర్లూ ఇదే చేస్తారు కాబట్టి జపాన్‌ని వేలెత్తి చూపే హక్కు నాకు లేదు. కానీ ఎన్ని ఘనపు మీటర్లు కొన్నారన్న అంకెలో ఈ సంగతి కనపడదు.

దీనికంటే పెద్ద మాయ దుంగల్లో ఉంది. ఒక ఘనపు మీటరు ప్లైవుడ్ తయారవ్వాలంటే రెండు ఘనపు మీటర్లకు పైగా దుంగ కావాలి. ఒక దేశం ప్లైవుడ్ కొనకుండా దుంగలు కొని ఇంట్లోనే ఒలుచుకుంటే, ప్లైవుడ్ దిగుమతుల పట్టికలో దాని పేరు పక్కన చిన్న అంకె ఉంటుంది. 1970లలో జపాన్ పరిస్థితి ఇదే. ఆ పట్టిక ఒక్కటే చూసినవాడు జపాన్ స్వయంసమృద్ధ దేశమనుకుంటాడు. నిజానికి 1973లో దక్షిణ సముద్ర ప్రాంతాల (ఆగ్నేయాసియా వైపు అడవుల) నుంచి జపాన్‌కి వచ్చిన దుంగలు 2.5 కోట్ల ఘనపు మీటర్లు దాటాయి. ఆ వ్యాపారానికి అదే శిఖరం. అదే కాలంలో అమెరికా ప్లైవుడ్‌నే షీట్ల రూపంలో కొనేది. కాబట్టి రెండు గీతలూ పక్కపక్కన గీస్తే ఒకటి ఎత్తులో, ఒకటి అడుగున కనిపిస్తాయి. రెంటికీ కోసింది మాత్రం ఆగ్నేయాసియా అడవుల్లోని లవాన్, మెరాంటి చెట్లనే.

కథ ఫిలిప్పీన్స్‌లో మొదలైంది. అమెరికావాళ్లు లవాన్‌ని 'ఫిలిప్పీన్ మహాగని' అనే పేరుతో అమ్ముకున్నారు. మహాగనికీ దానికీ చుట్టరికమేమీ లేదు. యుద్ధం తర్వాత జపాన్ ఫిలిప్పీన్స్ దుంగలు తెచ్చి, ఒలిచి, షీట్లు చేసి అమెరికాకే అమ్మింది. అంటే 1950లలో అమెరికా దిగుమతి పట్టికలో జపాన్ అని రాసి ఉన్న చోట నిజానికి ఉన్నవి ఫిలిప్పీన్స్ చెట్లు. తర్వాత జపాన్‌లో కూలీ పెరిగింది, సొంత ఇళ్లకే ప్లైవుడ్ చాలని పరిస్థితి వచ్చింది. ఆ చోటులోకి కొరియా, తైవాన్ వచ్చాయి. 1960లలో దక్షిణ కొరియా ఎగుమతుల్లో ప్లైవుడ్ అగ్రస్థానాల్లో ఉండేది. ఆ దేశంలో ఒక్క లవాన్ చెట్టూ పెరగదు! బూసాన్‌లో డాంగ్‌మ్యుంగ్ అనే ప్లైవుడ్ కంపెనీ ఒకప్పుడు కొరియాలోనే పెద్ద ఎగుమతి సంస్థల్లో ఒకటి. 1980లో అది మూతపడింది. మూతపడటానికి రాజకీయాలూ కారణమే. కానీ ఆ పరిశ్రమ మొత్తానికి పునాది కదిలింది ఇండోనేషియాలో.

ఇండోనేషియా 1980లో దుంగల ఎగుమతికి కళ్లెం వేయడం మొదలుపెట్టి 1985 నాటికి పూర్తిగా ఆపేసింది. "మా చెట్టు మేమే ఒలుస్తాం, మీరు షీటు కొనుక్కోండి" అన్నది దాని మాట. నాకు ఆ మాటలో తప్పేమీ కనపడదు. ముడిసరుకు అమ్ముకునే దేశం ఎన్నాళ్లని ముడిసరుకే అమ్ముకోవాలి? తప్పు జరిగింది ఆచరణలో. అప్‌కిండో అనే ప్లైవుడ్ సంఘం చేతికి ఎగుమతి మొత్తం అప్పగించారు. దాన్ని నడిపింది అప్పటి అధ్యక్షుడు సుహార్తోకి ఆప్తుడైన బాబ్ హసన్. ఎవరు ఎంత అమ్మాలో, ఎవరికి అమ్మాలో, ఎంతకి అమ్మాలో ఆ సంఘమే నిర్ణయించేది. మిల్లుల సంఖ్య వందకు పైన పెరిగింది, వాటికి కావలసిన దుంగ అడవి ఇవ్వగలిగినదానికంటే పెరిగిపోయింది. 1998లో ఐ.ఎం.ఎఫ్. అప్పు షరతుల కింద ఆ గుత్తాధిపత్యం పోయింది. మూడేళ్లకు, 2001లో, అడవుల మ్యాపింగ్ పనుల్లో జరిగిన అవినీతి కేసులో బాబ్ హసన్‌కి శిక్ష పడింది.

ఇక్కడ జపాన్ ప్లైవుడ్ దిగుమతి గీత ఒక్కసారిగా లేచింది. ఇండోనేషియా దుంగలు ఆగాయి. 1985 సెప్టెంబరులో డాలరు విలువ దించడానికి ధనిక దేశాల మధ్య ప్లాజా ఒప్పందం జరిగి డాలరుకి 240 యెన్‌ల దగ్గరున్న మారకం రెండేళ్లలో 150కి దిగువకు వచ్చింది, అంటే బయటి సరుకు జపానువాడికి అమాంతం చవకైంది. ప్లైవుడ్ మీద సుంకాలు కూడా ఆ రోజుల్లోనే తగ్గాయి. మూడూ కలిసి 1980ల చివరికి జపాన్ ఇండోనేషియా ప్లైవుడ్‌కి పెద్ద గిరాకీ అయింది. గ్రాఫు చూసినవాడికి జపాన్ కొత్తగా ఉష్ణమండల కలపకు అలవాటుపడినట్టు కనపడుతుంది. అలవాటు పాతదే, దుంగ షీటుగా మారి వచ్చిందంతే.

దుంగలు కావలసిన జపాన్ మిల్లులు అప్పటికి సబా, సరవాక్ దారి పట్టాయి. బోర్నియో ద్వీపంలోనే, మలేషియా వైపు. 1987లో సరవాక్‌లోని బరాం నది పరీవాహకంలో పెనాన్ ఆదివాసులు కలప లారీల దారులకు కర్రలు అడ్డంగా కట్టి నిలబడ్డారు. వాళ్ల గురించి చదివినప్పుడు నాకు మన ఏజెన్సీ గుర్తొచ్చింది. వెదురు కోసం, కలప కోసం మన కొండల్లోకి వెళ్లిన లారీల చరిత్రా మనకి తెలుసు కదా. 1993లో సబా దుంగల ఎగుమతి ఆపింది. అదే సమయంలో ప్లైవుడ్ ధరలు ఒక్కసారి ఎగబాకాయి. నా లెక్కలో జపాన్, అమెరికా దారులు విడిపోయిన కాలం ఇదే.

జపాన్ ఏం చేసిందో కొంచెం నిదానంగా చెప్తాను, అసలు విషయం ఇందులోనే ఉంది.

యుద్ధం తర్వాత జపాన్ కొండలు చాలావరకు బోడిగా ఉండేవి. 1950లు, 60లలో ప్రభుత్వం పట్టుపట్టి సుగి, హినోకి అనే మెత్తకర్ర చెట్ల మొక్కలు నాటించింది. నాటిన అడవి ఇప్పుడు సుమారు కోటి హెక్టార్లు, దేశంలోని మొత్తం అడవిలో నూటికి నలభై పాళ్లు. కానీ 1964 నాటికి కలప దిగుమతులు పూర్తిగా తెరిచేశారు. బయటి కలప చవక కావడంతో ఆ చెట్లను కొట్టేవాడూ లేడు, మధ్యమధ్య చెట్లు తీసి అడవిని పలచన చేసేవాడూ లేడు. 2002 నాటికి కలపలో స్వయంసమృద్ధి 19 శాతం దగ్గరకు పడిపోయింది. చెట్లేమో పెరుగుతూనే ఉన్నాయి. వాటి పుప్పొడికి దేశమంతా వసంతకాలం వస్తే తుమ్ములు, కళ్లమంటలు. ఒకే జాతి చెట్టు అంత విస్తీర్ణంలో నాటడానికి వాళ్లు ఇప్పటికీ చెల్లిస్తున్న మూల్యమది.

ప్లైవుడ్‌కి సుగి పనికిరాదని పాత మాట. లవాన్ దుంగ మీటరు వ్యాసంతో, ముడులు లేకుండా, గుండ్రంగా ఉండేది. పాత లేత్ మిషన్ దాన్ని రెండు చివరలా ఇనుప కొయ్యలతో పట్టుకుని తిప్పేది, కత్తి పొరను ఒలిచేది. సన్న దుంగను అలా పట్టుకుంటే మధ్యలో చాలా లావు మిగిలిపోయేది, ఆ మిగిలింది పొయ్యిలోకే. కొయ్యలు లేని లేత్ వచ్చాక పరిస్థితి తిరగబడింది. దాంట్లో దుంగను చివర్లు పట్టుకోవు, చుట్టూ ఉన్న రోలర్లు నొక్కి తిప్పుతాయి. చివరకు మిగిలేది మన బొటనవేలుకంటే కొంచెం లావు కర్ర. నేను యమునానగర్ వెళ్లినప్పుడు ఈ మిషన్‌ని దగ్గరగా చూశాను. మా చేతి మందంలో ఉన్న జామాయిల్ దుంగ లోపలికి పోయింది, ఇవతలి నుంచి చీరలా తడిపొర జారుతూ వచ్చింది, చూస్తూండగానే దుంగ అయిపోయింది. ఇదే జాతి మిషన్ జపాన్‌లో సుగిని, చైనాలో పోప్లార్‌ని, మన దగ్గర జామాయిల్‌ని ప్లైవుడ్ కలపగా మార్చింది.

జపాన్ మిల్లులు 1990లలో ముందు రష్యా లార్చ్ దుంగలకి మారాయి. 2007, 2008 మధ్య రష్యా దుంగల ఎగుమతి సుంకాన్ని పెంచుకుంటూ 25 శాతానికి తెచ్చింది. మిల్లులు మళ్లీ ఇంకో దేశం వెతుక్కోకుండా సొంత కొండలవైపు చూశాయి, ఎందుకంటే అప్పటికి అక్కడ యాభై ఏళ్ల సుగి నిలబడి ఉంది. 2000లో జపాన్ ప్లైవుడ్ మిల్లులకు వెళ్లే దుంగల్లో స్వదేశీ కలప నూటికి అయిదు పాళ్లు కూడా లేదు. 2010ల చివరికి అది ఎనభై దాటింది. ఇరవయ్యేళ్ల లోపు! నా దృష్టిలో ఈ వ్యాపారంలో గత యాభై ఏళ్లలో జరిగిన అతి పెద్ద మార్పు ఇదే. 2011 మార్చి సునామీ ఇషినోమాకి, మియాకో, ఒఫునాతో తీరాల్లోని పెద్ద మిల్లులను ముంచెత్తినప్పుడు దిగుమతులు మళ్లీ ఎగిశాయి. మిల్లులు తిరిగి లేచాయి, దిగుమతి మళ్లీ దిగింది. దేశం మొత్తం కలప స్వయంసమృద్ధి 2020లో 40 శాతం దాటింది.

అమెరికా దారి వేరు. న్యాయంగా చెప్పాలంటే ఇంటి గోడలకు, పైకప్పుకు వాడే మెత్తకర్ర ప్లైవుడ్ అమెరికా తనంతట తానే చేసుకునేది. మొదట పశ్చిమతీరపు డగ్లస్ ఫర్, 1960ల నుంచి దక్షిణాది పైన్. 1990లో చుక్కల గుడ్లగూబను రక్షిత జాబితాలో చేర్చాక పశ్చిమాన ప్రభుత్వ అడవుల్లో నరకడం బాగా తగ్గింది, మిల్లులు మూతపడ్డాయి. ఆ ఖాళీని పెద్దగా దిగుమతులు నింపలేదు, చెక్కముక్కలతో చేసే ఓ.ఎస్.బి. బోర్డు నింపింది. బయటినుంచి వచ్చేది ముఖ్యంగా అల్మారాలకు, ఫర్నిచర్‌కి, లోపలి పనులకు వాడే గట్టికర్ర ప్లైవుడ్. అందులో వరస చూడండి: 1950లలో జపాన్, తర్వాత కొరియా, తైవాన్, ఫిలిప్పీన్స్, 1980లు 90లలో ఇండోనేషియా, 2000ల తర్వాత చైనా.

చైనా సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1998 యాంగ్జీ వరదల తర్వాత చైనా తన సహజ అడవుల్లో నరకడం చాలావరకు ఆపింది. లోపలి పొరలకు షాన్‌డాంగ్, జియాంగ్‌సు రైతులు పొలంగట్ల మీద పెంచిన పోప్లార్ దొరికింది. పైపొరకు రష్యా బర్చ్, ఆఫ్రికా ఒకూమె, పపువా న్యూగినీ దుంగలు. అమెరికా పట్టికలో మాత్రం మొత్తం 'చైనా' అనే ఒక్క గడిలో పడింది.

అమెరికా మిల్లుల ఫిర్యాదు మీద 2018 జనవరిలో చైనా గట్టికర్ర ప్లైవుడ్ పై 183.36 శాతం యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు గుప్పించే సరుకు మీద వేసేది) పడింది, దాని మీద సబ్సిడీ వ్యతిరేక సుంకం అదనం. చైనా నుంచి సరుకు కూలిపోయింది. ఆ వెంటనే వియత్నాం, ఇండోనేషియా, కంబోడియా నుంచి పెరిగింది. వియత్నాం షీట్లలో చైనా పొరలే ఉన్నాయా అని 2020లో అమెరికా వాణిజ్యశాఖ విచారణ మొదలుపెట్టి 2023లో కొన్ని రకాలకు అవునని తేల్చింది. చూడండి, సుంకం వేసిన అయిదేళ్లకు ఆ ప్రభుత్వమే షీటు అంచు చూసి పొరలు లెక్కపెట్టాల్సి వచ్చింది.

అమెరికా సరిగా చేసిన పని ఒకటుంది. 2008లో లేసీ చట్టాన్ని సవరించి, దొంగతనంగా నరికిన చెట్టుతో చేసిన సరుకు దిగుమతిని నేరం చేసింది. ప్లైవుడ్ తెచ్చేవాడు అందులోని చెట్టు శాస్త్రీయనామం, అది నరికిన దేశం రాసివ్వాలి. తయారైన దేశం వేరు, నరికిన దేశం వేరు అని కాగితం మీద ఒప్పుకున్న చట్టమది. జపాన్ చట్టం దాంతో పోలిస్తే మెతక. 2017లో అమల్లోకి వచ్చిన క్లీన్ వుడ్ చట్టం మొదట స్వచ్ఛంద నమోదుతో సరిపెట్టింది. అదే ఏడాది టోక్యో ఒలింపిక్ స్టేడియం కడుతుంటే సెంట్రింగ్‌కి వాడిన సరవాక్ షీట్ల మీద పర్యావరణ సంస్థలు గొడవ చేశాయి.

జపాన్‌ని ఆదర్శంగా చూపిస్తున్నానని అనుకుంటే ఒక్క మాట కూడా కలుపుకోండి. సుగి మొక్క నాటినప్పటి నుంచి అది కోతకొచ్చేదాకా పట్టిన ఆ నలభై యాభై ఏళ్లలో జపాన్ ఇళ్లు ఆగలేదు, స్లాబులు ఆగలేదు. ఆ కాలమంతా ఫిలిప్పీన్స్‌లోని మిందనావో, ఇండోనేషియాలోని కాలిమంతాన్, మలేషియాలోని సబా, సరవాక్ అడవులు ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చుకున్నాయి. జపాన్ కొండలు పచ్చబడటానికి పట్టిన కాలాన్ని కొన్నది వాళ్ల చెట్లతోనే. ఈ రోజు తగ్గిన దిగుమతి అంకెను మెచ్చుకునేవాళ్లు ఈ బాకీని కూడా అదే పట్టికలో ఒక వరసగా రాయాలి. అలాంటి వెసులుబాటు ఇప్పుడు ఏ దేశానికీ లేదు, మనకూ లేదు.

మన సంగతికి వద్దాం. 1996 డిసెంబరు 12న అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో ఈశాన్య రాష్ట్రాల్లోని ప్లైవుడ్ మిల్లులు ఆగాయి. పరిశ్రమ హర్యానా యమునానగర్‌లో రైతు పోప్లార్ మీద, కేరళ పెరుంబావూర్‌లో రబ్బరు చెట్టు మీద నిలదొక్కుకుంది. అంటే జపాన్‌కి 2000 తర్వాత జరిగిన మార్పు మనకు కోర్టు తోసిన తోపుతో ముందే మొదలైంది. 2014 ఏప్రిల్‌లో మయన్మార్ దుంగల ఎగుమతి ఆపితే గర్జన్ ఫేస్‌కి కటకట వచ్చింది. ఇప్పుడు ప్లైవుడ్‌కి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు, నేపాల్ మిల్లులు సర్టిఫికెట్ కోసం అవస్థ పడ్డాయి. నాణ్యత గుర్తు ఉండాల్సిందే, నాసిరకం షీటు కొని రెండేళ్లకే వంటగది తలుపులు ఉబ్బిన వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఆ గుర్తు జిగురు ఎంత గట్టిదో చెబుతుంది, చెట్టు ఎక్కడిదో చెప్పదు. కస్టమ్స్ కాగితంలో చెట్టు పేరు, నరికిన దేశం పేరు మనమూ అడగాలి. అప్పుడుగానీ ఏ సుంకం ఏ అడవిని కాపాడిందో, ఏది కేవలం ఓడరేవును మార్చిందో తెలియదు.

రెండో పని ప్రకాశం జిల్లాలో ఉంది. అక్కడి రైతులు జామాయిల్, సుబాబుల్ ఎక్కువగా కాగితం మిల్లులకే టన్నుల లెక్కన అమ్ముతారు, మూడు నాలుగేళ్లకే కొట్టేస్తారు. ధర పడిపోయిన ఏడాది మొదళ్లు పెకలించి వేరే పంట వేస్తారు. ప్లైవుడ్‌కి ఒలవాలంటే దుంగ చుట్టుకొలత కావాలి, చెట్టు ఇంకో రెండు మూడేళ్లు నిలబడాలి. కొయ్యలు లేని లేత్ వచ్చింది, మలబారు వేప లాంటి ఒలవడానికి తగిన చెట్లు నాటినవాళ్లూ ఉన్నారు. టన్నుకింత అని కాకుండా చుట్టుకొలతకింత అని రాసిచ్చే మిల్లు దగ్గర్లో లేకపోతే రైతు ఎందుకు ఆగుతాడు? ఆ భూముల్లో చాలా మటుకు కౌలువి. చెట్టు అదనంగా నిలబడిన ఆ రెండు మూడేళ్ల కౌలు మిల్లు భరిస్తుందా, బ్యాంకు భరిస్తుందా, ప్రభుత్వం భరిస్తుందా అన్నది ముందు తేలాలి. వియత్నాం సరుకు మీద డ్యూటీ ఎంత ఉండాలని జరిగే మా వ్యాపారుల మీటింగుల్లో నేను ఈ కౌలు మాట ఎత్తుతూనే ఉన్నాను. ఈసారి ఎవరైనా ప్రకాశం రైతుల్ని కూడా పిలిస్తే బాగుంటుంది.